సముద్రమును చిత్రించిన క్లోద్ మోనే

ఫ్రాన్సుదేశపు ఉత్తర తీరమున, సేన్ నది సముద్రములో కలియు చోట, లె హావ్ర్ అను గొప్ప రేవుపట్టణము కలదు. 1872వ సంవత్సరము నవంబరు మాసమున ఒకనాటి ప్రాతఃకాలమున, ఆ రేవునకెదురుగానున్న హోటలు గదిలో, ముప్పదిరెండేండ్లు నిండవచ్చిన చిత్రకారుడొకడు కిటికీయొద్ద నిలిచి వడివడిగా కుంచె నాడించుచుండెను. బయట మంచు క్రమ్మియుండెను. ఓడల కొయ్యలును, పొగగొట్టములును, బరువులెత్తు యంత్రములును ఆ మంచులో నీడలవలె కనబడుచుండెను. వాని నడుమ నారింజపండువంటి సూర్యుడు పైకి వచ్చుచుండెను. నీటిమీద చిన్న పడవలు రెండు మూడు మెల్లగా సాగిపోవుచుండెను. సూర్యుడు మఱికొంత పైకి వచ్చినచో ఆ రంగు నిలువదు. మంచు విడిపోయినచో ఆ నీడలు నిలువవు. కావున ఆ చిత్రకారుడు పడవను పడవగా దిద్దుటకు ఆగలేదు. నల్లని కుంచెగీతలు నాలుగు వేసి దానిని పడవ అనిపించెను. ఆ చిత్రకారుడే క్లోద్ మోనే. నిడివి 63, ఎత్తు 48 సెంటీమీటర్లు మాత్రమే గల ఆ చిన్న పటము అతని పేరును, అతని మిత్రుల పేరును లోకమున నిలిపినది. అయితే అది మొదట నిలిపినది వారిని నవ్వులపాలు చేసియే. ఆ కథను చదువరులకు మొదటినుండి చెప్పెదము.

మోనే 1840వ సంవత్సరము నవంబరు 14వ తేదీన పారిసు నగరమున జన్మించెను. అతనికి సుమారు ఐదేండ్ల ప్రాయమున కుటుంబము లె హావ్రునకు తరలిపోయెను. అచ్చట అతని తండ్రి, ఓడలకు కావలసిన సరకులు సమకూర్చు బంధువుల వ్యాపారమున పనిచేసెను. బాలునకు బడిగోడలకంటె సముద్రపుటొడ్డే ప్రియము. ఈ విషయమున అతనిని మా విద్యార్థులకు ఆదర్శముగా చూపుటకు మాకు ధైర్యము చాలదు. నోటుపుస్తకముల అంచులనిండ ఉపాధ్యాయుల మూతులు వంకరగా గీయుచుండెడివాడట! అయినను ఆ వంకరగీతలే అతని మొదటి సంపాదనయయ్యెను. పట్టణములోని ప్రముఖుల వ్యంగ్యచిత్రములు గీసి పది ఇరువది ఫ్రాంకులకు అమ్మెడివాడు. పటములకు చట్రములు కట్టు అంగడివాడొకడు వానిని తన కిటికీలో వరుసగా నిలుపగా, దారిన పోవువారు గుమిగూడి నవ్వుకొనెడివారు. 1857లో అతని తల్లి మరణించెను. అప్పటినుండి సంతానములేని మేనత్తయొకతె అతనిని చేరదీసెను.

ఆ అంగడి కిటికీలోనే ఈ వ్యంగ్యచిత్రముల ప్రక్కన సముద్రదృశ్యములు కొన్ని వ్రేలాడుచుండెడివి. అవి యూజీన్ బూదేన్ అనువాడు చిత్రించినవి. బూదేన్ ఓన్‌ఫ్లర్ అను చిన్న రేవున 1824లో ఒక నావికునకు జన్మించి, బాల్యమున తండ్రి నావమీద పనిచేసినవాడు. ఆకాశమును మేఘములను అతడెఱిగినట్లు పుస్తకములు చదివినవారెఱుగరు. తన చిత్తుపటముల మీద ఆ దినము తేదీయు, గంటయు, గాలి వీచిన దిక్కును వ్రాసికొనెడివాడు. యువకుడైన మోనేకు ఆ పటములు మొదట ఏమాత్రమును నచ్చలేదు. అయినను బూదేన్ అతనిని విడువక, ఒకనాడు బయలు ప్రదేశమునకు వెంటబెట్టుకొనిపోయి, అతని కన్నులయెదుట ఒక పటమును మొదలుపెట్టి ముగించెను. దానిని చూచినంతనే తన కన్నులకు కప్పియున్న తెర తొలగినట్లైనదని మోనే వృద్ధాప్యమున పలుమారు చెప్పుకొనెను. గురువు ఋణమును అతడెన్నడును మఱవలేదు.

ఇచ్చట ఒక చిన్న వస్తువును గూర్చి చెప్పక తప్పదు. పూర్వము నూనెరంగులను నూరి పంది మూత్రాశయపు సంచులలో కట్టి ఉంచుకొనెడివారు. వానిని పొలములకును, సముద్రపుటొడ్డునకును మోసికొనిపోవుట కష్టము. 1841లో జాన్ రాండ్ అను అమెరికను చిత్రకారుడు తగరపు గొట్టమును కనిపెట్టెను. నొక్కినచో రంగు వచ్చును, మూత బిగించినచో ఆరిపోదు. ఈ గొట్టములు లేకున్నచో సముద్రపుగాలిలో నిలిచి పటము మొదలుపెట్టుట అంత సులభమై యుండెడిదికాదు.

1859లో మోనే పారిసు చేరెను. 1861లో సైన్యసేవకై ఆల్జీరియా పంపబడి, మఱుసటి సంవత్సరమే జబ్బుపడి తిరిగివచ్చెను; మేనత్త ధనమిచ్చి అతనిని సైన్యమునుండి విడిపించెను. ఆ ఏడే యోంకిండ్ అను హాలెండుదేశపు సముద్రచిత్రకారుని స్నేహము లభించెను. పారిసులో గ్లేర్ అను గురువు చిత్రశాలలో రెన్వార్, సిస్లీ, బజీల్ అను యువకులు అతనికి సహపాఠులైరి. ఆ కాలమున ఫ్రాన్సులో చిత్రకారుడు పైకి రావలెనన్న ద్వారము ఒక్కటియే: ప్రభుత్వమువారి సలోన్ అను ప్రదర్శనము. 1865లో మోనే పంపిన రెండు సముద్రదృశ్యములను అందలి న్యాయనిర్ణేతలు స్వీకరించిరి. ఒకటి ఓన్‌ఫ్లర్ యొద్ద సేన్ నదీముఖము. రెండవది ఆటు సమయమున ఏవ్ అంతరీపము. పేర్ల పోలికచేత పొరబడి కొందఱు వానిని మెచ్చుకొనుచు మానే అను మఱియొక చిత్రకారునకు అభినందనలు తెలుపగా, ఆ మానేకు మిక్కిలి కోపము వచ్చెనట. తరువాత ఈ ఇరువురును మంచి మిత్రులైరి.

ఆ ద్వారము త్వరలోనే మూసికొనెను. 1867లోను, 1869లోను, 1870లోను సలోన్ వారు మోనే పటములను నిరాకరించిరి. ఈ లోగా అతడు కమీల్ అను యువతిని ప్రేమించెను. తండ్రికిని మేనత్తకును అది సమ్మతము కాలేదు. 1867వ సంవత్సరము ఆగస్టులో కమీల్ పారిసులో అతని మొదటి కుమారుని ప్రసవించెను. ఆ వేసవి నెలలను మోనే తండ్రి దయను పోగొట్టుకొనకుండుటకై లె హావ్ర్ ప్రక్కనున్న సాంత్ అద్రెస్ గ్రామమున మేనత్త ఇంట గడిపెను. చేతిలో ధనములేక మిత్రులను యాచించుచు జాబులు వ్రాసెను. ఇది మెచ్చదగిన నడవడి యని మేము చెప్పజాలము. దరిద్రుడగు యువకునకు అప్పుడు వేఱు దారి లేదనువారును కలరు. చదువరులే యోచింతురుగాక.

అయినను ఆ వేసవిలోనే అతడు ఒకే సముద్రతీరమున జంటయనదగిన రెండు పటములు చిత్రించెను. ఒకదానిలో మబ్బుపట్టిన దినము, ఆటు సమయము. చేపపడవలు గులకరాళ్లమీదికి లాగబడి యున్నవి, జాలరులు ఒడ్డున నిలిచి మాటలాడుకొనుచున్నారు. రెండవదానిలో ఎండకాసిన దినము, పోటు సమయము. తెల్లని తెఱచాపల విహారనౌకలు పందెము వేయుచుండ, పట్టణమునుండి వచ్చిన ధనికులు ఒడ్డున కూర్చుండి చూచుచున్నారు. మొదటిది నేడు చికాగోలోను, రెండవది న్యూయార్కులోను ఉన్నవి. చేపలకొఱకు సముద్రముమీదికి పోవువారిని, వినోదమునకు పోవువారిని ఒకే యొడ్డున ఇట్లు చూపుటలో అతడు ఒక మాటయైనను అనలేదు, ఎవరిని నిందింపలేదు. కాని రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచువానికి తెలియవలసినది తెలియును.

బజీల్ ఔదార్యమును ఇచ్చట స్మరింపవలెను. సలోన్ త్రోసివేసిన ఒక పెద్దపటమును అతడు 2,500 ఫ్రాంకులకు కొని, ఆ సొమ్మును నెలకు 50 ఫ్రాంకుల చొప్పున మిత్రునకు చెల్లించుచు వచ్చెను. 1868లో లె హావ్ర్ నగరపు ప్రదర్శనమున మోనేకు వెండిపతకము లభించెను. కాని ఆ పటములనే అప్పులవారు జప్తు చేసిరి. 1870వ సంవత్సరము జూన్ 28న మోనే కమీల్ ల వివాహము జరిగెను. తరువాత కొలది వారములకే జర్మనులతో యుద్ధము. మోనే కుటుంబము లండనుకు తరలిపోయెను. సైన్యములో చేరిన బజీల్ ఆ నవంబరులో యుద్ధభూమిని మరణించెను. అతని వయస్సు 28 సంవత్సరములు. లండనులో ద్యురాన్-రుయెల్ అను పటముల వర్తకుడు మోనేకు పరిచయమయ్యెను. ఈ వర్తకుడు తన సొంత వ్యాపారము మునిగిపోవునంత దశలోను ఈ చిత్రకారుల పటములను కొనుచుండెను.

యుద్ధానంతరము హాలెండు మీదుగా తిరిగివచ్చి మోనే పారిసు సమీపమున అర్జాంతై గ్రామమున కాపురము పెట్టెను. సేన్ నదిపై ఒక పడవను కొని, దానిమీద చిన్న గది కట్టించి, నీటిమీదనే పనిచేసెడివాడు. కొందఱు చిత్రకారులకు గది ఉన్నచో కిటికీ ఉండును. ఇతనికి గదియే ఈదుచుండెను.

ఇక మన మొదటి పటమునకు వత్తము. సలోన్ ద్వారము మూసికొన్నందున మోనే, రెన్వార్, సిస్లీ, పిస్సారో, దెగా మొదలైన సుమారు ముప్పదిమంది తమ ధనముతో ఒక సహకార సంఘము స్థాపించుకొనిరి. నదార్ అను ఫొటోగ్రాఫరు పూర్వము వాడిన చిత్రశాలలో 1874వ సంవత్సరము ఏప్రిల్ 15న వారి ప్రదర్శనము తెరువబడెను. ప్రవేశ రుసుము ఒక ఫ్రాంకు. వృద్ధుడగుచున్న బూదేన్ సైతము అందు తన పటములనుంచెను. మోనే పంపినవానిలో లె హావ్ర్ రేవు విడిచి బయలుదేరుచున్న చేపపడవల పటమొకటి. మంచులోని సూర్యోదయపు పటమొకటి. జాబితా అచ్చువేయువాడు ఈ రెండవదానికి పేరేమని అడుగగా, దీనిని లె హావ్ర్ దృశ్యమనుటకు వీలులేదని తలచి, ఇంప్రెషన్ అని వ్రాయుమని మోనే చెప్పెను. ఇంప్రెషన్ అనగా మనస్సుపై క్షణకాలము పడిన ముద్ర.

లెరువా అను విలేఖరి ఆ మాటను పట్టుకొనెను. ఏప్రిల్ 25న ఒక హాస్యపత్రికలో, ఈ పటముకంటె గోడకంటించు కాగితమే ఎక్కువ పూర్తియైనదను భావముతో వ్రాసి, ఆ గుంపునకంతకును ఇంప్రెషనిస్టులని వెక్కిరింపుపేరు పెట్టెను. నెలదినములలో సుమారు 3,500 మంది వచ్చి చూచిరి. పలువురు నవ్వుటకే వచ్చిరి. సంవత్సరాంతమున లెక్కలు చూడగా సంఘములోని ఒక్కొక్కరు 184 ఫ్రాంకుల పైచిలుకు బాకీపడిరి, సంఘము రద్దయ్యెను. వెక్కిరింపుపేరు మాత్రము నిలిచెను. కొలదికాలమునకు వారే దానిని తమ పేరుగా స్వీకరించిరి.

ఆ పటమున నిజముగా లోపమున్నదా? గీతల నునుపును, వస్తువుల పూర్తితనమును కోరువానికి ఉన్నది. పడవలోని మనుష్యునకు ముఖములేదు, చేతులు లేవు. కాని తెల్లవాఱుజామున మంచులో దూరపు పడవను చూచువానికి ముఖము కనబడునా? కన్ను చూచినదానిని మాత్రమే వేసి, మనస్సు ఎఱిగినదానిని కలుపకుండుట సులభమని తలంపరాదు. పటమున మఱియొక వింత కలదు. ఆ సూర్యుడు ఎంతయో ప్రకాశించుచున్నట్లు తోచును గాని, చుట్టునున్న ఆకాశముకంటె నిజముగా వెలుగైనవాడు కాడు. రంగులో మాత్రమే వేఱు. నలుపు తెలుపులలో అచ్చువేసినచో సూర్యుడు దాదాపు మాయమగును! విద్యార్థులు పరీక్షించి చూడవచ్చును. 2014లో ఒక అమెరికను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యుని స్థానమును, పోటు వేళలను, నాటి వాతావరణపు నివేదికలను సరిపోల్చి, ఆ పటములోని గడియ 1872 నవంబరు 13 ఉదయము సుమారు 7 గంటల 35 నిమిషములై యుండునని చెప్పెను. తొందరలో వేసినదని నవ్విన పటము గడియారమువలె సాక్ష్యము చెప్పుటకు పనికివచ్చెను.

దానిని ఓషెదే అను వర్తకుడు 800 ఫ్రాంకులకు కొనెను. అతడు దివాలాతీయగా 1878లో వేలమున 210 ఫ్రాంకులకే బెల్లియో అను వైద్యుని చేతికి పోయెను. వైద్యుని కుమార్తె 1940లో దానిని పారిసులోని మర్మొతాన్ ప్రదర్శనశాలకు దానమిచ్చెను. 1985 అక్టోబరులో పట్టపగలు ఆయుధములతో వచ్చిన దొంగలు దానిని మఱి యెనిమిది పటములతో అపహరించిరి. 1990 డిసెంబరులో కోర్సికా దీవిలో దొరకెను. అది పుట్టిన రేవు ప్రాంతము మాత్రము 1944 సెప్టెంబరు బాంబుదాడులలో నేలమట్టమయ్యెను.

ఆ ప్రదర్శనము తరువాతి సంవత్సరములు మోనేకు మిక్కిలి చీకటివి. 1878లో రెండవ కుమారుడు పుట్టినది మొదలు కమీల్ మంచమెక్కెను. కుటుంబము వెతై అను పల్లెకు మారెను. దివాలాతీసిన ఓషెదే భార్య ఆలిస్ తన ఆరుగురు పిల్లలతో ఆ ఇంటనే తలదాచుకొని రోగికి శుశ్రూష చేసెను. మందులకు ధనము చాలని దినములవి. 1879 సెప్టెంబరు 5న కమీల్ కన్నుమూసెను. ఆమెకు 32 ఏండ్లు. మోనే ఆమె ప్రక్కన కూర్చుండి, ఆ ముఖమును నీలము, బూడిదరంగులలో పటముగా వేసెను. ప్రియమైన ముఖముపై మృత్యువు తెచ్చుచున్న రంగుల మార్పులను తన కన్ను తనకు తెలియకయే లెక్కించుచుండుటను గమనించి భయపడితినని అతడు ముసలితనమున తన మిత్రుడు క్లెమాన్సోకు చెప్పెను. ఏ పనియైనను అలవాటై, మనుష్యుని తిరుగలికి కట్టిన పశువువలె త్రిప్పునను భయమది. దుఃఖములేనివాడా అతడు? కాడని ఆ పటమే చెప్పును. కాని కన్నును ఒక పనికి అంకితము చేసినవాడు ఆ కన్నును ఏ దినమున మూసికొనగలడు? ఈ ప్రశ్నకు మాకు సమాధానము తెలియదు.

1880 తరువాత అతడు మరల సముద్రమును వెదకికొనుచు పోయెను. లె హావ్రునకు ఉత్తరమున ఎత్రెతా అను జాలరిగ్రామము కలదు. అచ్చట తెల్లని సుద్దరాతి కొండలను అలలు తొలిచి గొప్ప ద్వారములుగా చేసినవి. రేవు లేనందున జాలరులు పడవలను రాట్నములతో గులకరాళ్లమీదికి లాగుకొనెడివారు. పనికిరాని పాతపడవలకు గడ్డికప్పులు వేసి వలలు దాచు కొట్లుగా వాడుకొనెడివారు. 1885వ సంవత్సరపు శరత్తులో మోనే అచ్చట చాలకాలము నిలిచెను. వాన కురిసిన దినములలో హోటలు కిటికీనుండియే ఒడ్డున నిలిచిన పడవలను, సముద్రముమీదికి బయలుదేరు పడవలను చిత్రించెను. ఎఱుపు, పచ్చ, నీలము, పసుపు రంగుల ఆ పడవలు ముక్కులు సముద్రమువైపు త్రిప్పి వరుసగా నిలిచి, పిలుపు కొఱకు వేచియున్నట్లుండును. ఆ పటములు నేడు అమెరికాలోని చికాగో, సియాటిల్ నగరములలో ఉన్నవి. నాడు ఎత్రెతాలోనున్న మొపాసా అను కథకుడు, మోనే పనిచేయు తీరును చూచి వ్రాసెను. పిల్లలు కొందఱు ఐదారు పటములను మోసికొని వెంట నడువగా, వెలుగు మారినకొలదిని అతడు ఒకదానిని విడిచి మఱియొకదానిని అందుకొనెడివాడట.

ఆ నవంబరు 27న అతని ప్రాణమే పోవలసినది. మాన్‌పోర్త్ అను గొప్ప రాతిద్వారము క్రింద, ఆటు సమయమని తలచి, అలల సమీపమున పని చేయుచుండెను. కాని వేళ పొరబడెను. అది పోటు సమయము. పనిలో మునిగి గమనింపలేదు. పెద్ద అలయొకటి వచ్చి అతనిని కొండకు విసరికొట్టి, తిరిగి సముద్రములోనికి లాగెను. సామానులతోసహా కొట్టుకొనిపోయి, ఎట్లో చేతులతో మోకాళ్లతో ప్రాకి ఒడ్డు చేరెను. బట్టలు తడిసి బరువెక్కెను, గడ్డము నీలము, పసుపు రంగులతో నిండెను, పటము ముక్కలయ్యెను. ప్రాణము దక్కినందుకు సంతసించుటకంటె, పటము పోయినదని, ఆ దినపు పని చెడినదని ఎక్కువ విచారించినట్లు అతని జాబు తెలుపుచున్నది. జాలరుల పిల్లవానికి తెలిసిన ఆటుపోటుల లెక్క, సముద్రమును అంతగా చిత్రించినవానికి ఆ దినమున తప్పెను!

మఱుసటి సంవత్సరము బ్రిటనీ తీరమునందలి బెల్-ఈల్ అను దీవికి పోయెను. రెండు వారములుండవలెనని పోయి సెప్టెంబరునుండి నవంబరు చివర వఱకు నిలిచెను. అచ్చటి సముద్రము నల్లని కోఱలవంటి రాళ్లతో భయంకరమైనది. పోలీ అను జాలరిని సామాను మోయుటకు కుదుర్చుకొనెను. గాలివానలో ఈజిలును త్రాళ్లతో రాళ్లకు కట్టివేసి చిత్రించెడివాడు. ఆ పోలీ ముఖమును సైతము మోనే ఒక పటముగా వేసెను. మనుష్యుల ముఖములు వేయుటను అప్పటికే దాదాపు మానుకొన్న చిత్రకారుడు, సామానుమోయు జాలరి ముఖమును వేయుట మాకు గమనింపదగినదిగా తోచుచున్నది.

శేషించిన నలువదియేండ్ల కథ లోకమునకు బాగుగా తెలిసినదే, త్వరగా చెప్పెదము. 1883లో జివెర్నీ గ్రామమున చేరి, 1890లో ఆ ఇంటిని 22,000 ఫ్రాంకులకు కొనెను. అప్పటికి అమెరికనులు అతని పటములను కొనసాగిరి, దారిద్ర్యము తీరెను. 1892లో, ఓషెదే మరణానంతరము, ఆలిస్‌ను వివాహమాడెను. గడ్డివాములను, రువాన్ పట్టణపు పెద్దదేవాలయమును వేర్వేఱు వెలుగులలో మరల మరల చిత్రించెను. కొలను త్రవ్వించి కలువలు నాటింపబోగా, పరదేశపు మొక్కలు తమ నీటిని విషము చేయునని ఊరివారు అభ్యంతరము చెప్పిరి. 1911లో ఆలిస్, 1914లో పెద్దకుమారుడు మరణించిరి. 1912లో వైద్యులు కన్నులలో శుక్లములున్నవని చెప్పిరి. రంగులు మసకబాఱి ఎఱ్ఱబడసాగెను. రంగుగొట్టములపై పేర్లు చదివి రంగు నెఱుగవలసి వచ్చెను. అయినను కలువల పెద్దపటములను విడువలేదు. 1918 నవంబరులో మహాయుద్ధము ముగిసిన మఱునాడే, ఆ పటములను దేశమునకిచ్చెదనని క్లెమాన్సోకు జాబు వ్రాసెను. 1923లో కంటికి శస్త్రచికిత్స జరిగెను. తరువాత నీలము మితిమీరి కనబడి అతనిని బాధించెను. రంగుకళ్లద్దములు పెట్టుకొని మరల కుంచె పట్టెను.

1926వ సంవత్సరము డిసెంబరు 5న, 86వ యేట, మోనే జివెర్నీలో మరణించెను. ఆ గ్రామపు చర్చి ఆవరణలోనే అతనిని సమాధి చేసిరి. మఱుసటి సంవత్సరము మే 17న పారిసులోని ఒరాంజెరీ భవనమున, అండాకారపు రెండు గదులలో, అతని కలువల పటములు తెరువబడెను. మొత్తము ఎనిమిది చిత్రములు; వరుసగా పేర్చిన నిడివి సుమారు 91 మీటర్లు. వానిలో పడవలేదు, ఒడ్డులేదు, మనుష్యుడులేడు; నీరును, నీటిలో ఆకాశమును మాత్రమే. మొదటి సంవత్సరములలో చూడవచ్చినవారు బహుకొద్దిమంది. 1960 తరువాత ఆ గదులపై మఱియొక అంతస్తు కట్టగా, మోనే కోరి ఏర్పఱచిన పగటివెలుగు వానికి లేకుండపోయెను. ఆ అంతస్తును తీసివేసి, భవనమును బాగుచేసి, 2006లో మరల తెరచిరి. ఇప్పుడు పారిసుపై మబ్బుపట్టినచో ఆ గదులలోని నీరును నల్లబడును; ఎండకాసినచో వెలుగును.